పక్కింటి పులిహోర, మనింటి ఆదివారం

విజయనగరం నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"వందనాలక్కా. మా బాబుకి 10 ఏళ్ళు, 5వ తరగతి. మొన్న పైడితల్లమ్మ పండగలో తొలేళ్ళ రోజు పక్కింటి పిన్నిగారు ఎప్పటిలాగే స్టీలు గిన్నెలో పులిహోర పట్టుకొచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. బాబు తలుపు తీసి 'మేం విగ్రహాలకి పెట్టింది తినం, మీ అమ్మవారు ఉత్త బొమ్మ' అనేశాడు. ఆవిడ ఏమీ అనలేదు, గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. అప్పటినుంచి పలకరిస్తే పలుకుతున్నారు గానీ మా గుమ్మం తొక్కడం లేదు. వీడు పుట్టినప్పుడు నాకు ఆపరేషన్ అయితే 11 రోజులు ఆస్పత్రికి కారేజీ మోసిన మనిషి. మావారేమో 'బాగా చెప్పాడు, దానియేలులా నిలబడ్డాడు' అంటున్నారు. మా పుట్టింటివాళ్ళు ఇంకా ప్రభువులోకి రాలేదు, సంక్రాంతికి వెళ్తే మా అమ్మ వీణ్ణి దీపం దగ్గర దండం పెట్టమంటుంది. స్కూల్లో సరస్వతీ పూజ ఉంటుంది. 'నేను చేసింది తప్పా?' అని బాబు అడుగుతున్నాడు, నాకు జవాబు రావడం లేదు. సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ కోచింగ్ ఆదివారం పొద్దున్నే పెట్టడంతో జూన్ నుంచి సండే స్కూల్ మానేశాడు, వాక్యం సరిగ్గా తెలియక ఇలా అన్నాడేమో అని ఒకటే టెన్షన్. విగ్రహారాధన గురించి, దేవుణ్ణి మొదట పెట్టడం గురించి పిల్లలకు ఎలా నేర్పాలి? ఆ గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది."

వందనాలమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను శ్రీకాకుళంలో ఇరవై ఏళ్ళకు పైగా సండే స్కూల్ చెప్పినదాన్ని, మీ బాబు అన్న మాట మా క్లాసు పిల్లల నోట ఎన్నోసార్లు విన్నాను, మొదట్లో విని మెచ్చుకున్నాను కూడా, అందుకే మీవారి మీద నాకు కోపం రావడం లేదు. ఆయన దానియేలు పేరెత్తారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

ఇవాళ రాత్రి ముగ్గురూ కూర్చుని బైబిల్లో దానియేలు 1వ అధ్యాయం చదవండి. బబులోనుకు చెరగా వెళ్ళిన ఆ కుర్రవాడు రాజుగారి భోజనం వద్దనుకున్నాడు, నిజమే. మరి ఎలా వద్దన్నాడు? అధికారిని వేడుకున్నాడు అని ఉంది అక్కడ. ఆ అధికారి 'మీ ముఖాలు పీక్కుపోతే రాజు నా తల తీయిస్తాడు' అని భయపడితే, ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేదు, పది రోజులు మాకు శాకధాన్యాలు, నీళ్ళు పెట్టి చూడండి, ఆ తర్వాత మమ్మల్ని చూసి మీకెలా తోస్తే అలా చెయ్యండి అన్నాడు. బబులోను దేవుళ్ళ మీద ఒక్క మాట తూలలేదు. పెట్టేవాళ్ళకు మనవల్ల ఇబ్బంది రాకూడదని ఆలోచించి మరీ వద్దన్నాడు. మీ బాబు అందులో సగం చేశాడు, తినలేదు. మిగతా సగం వాడికి మనమెవరమూ నేర్పలేదు.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం కూడా చూడండి, మన పిల్లలకు చెప్పాల్సినంతగా ఆ సంగతి చెప్పడం లేదు మనం. ఎఫెసు పట్టణంలో అపొస్తలుడైన పౌలు రెండేళ్ళకు పైగా ఉన్నాడు, చేతులతో చేసినవి దేవతలు కావని దాచకుండా చెప్పాడు. వెండి గుళ్ళు చేసి అమ్ముకునేవాళ్ళకు బేరాలు పోతాయని భయం పట్టుకుంది, ఊరంతా నాటకశాలలో చేరి రెండు గంటలసేపు తమ దేవత అర్తెమిదేవి పేరు పెట్టి కేకలు వేశారు. చివరికి ఊరి కరణం లేచి ఏమన్నాడో చూడండి, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. ఆ దేవతను కొలిచే మనిషే పౌలు స్నేహితుల తరఫున ఆ మాట చెప్పాడు. మీ వీధిలో మీ బాబు గురించి పిన్నిగారు అలాంటి మాట చెప్పగలిగితే ఎంత బాగుండును! మొన్నటిదాకా చెప్పగలిగేవారు.

కాబట్టి వాడికి జవాబు ఇలా చెప్పండి, ముక్కలు చేసి: "నువ్వు తినకపోవడం తప్పు కాదు నాన్నా. నువ్వన్న మాట తప్పు." రెండూ కలిపేస్తే పిల్లలు తికమకపడతారు. మొత్తం తప్పంటే రేపు ఎక్కడైనా నిలబడాల్సి వచ్చినప్పుడు నిలబడడు, మొత్తం ఒప్పంటే దేవుడి పేరు చెప్పి ఎవరినైనా ఏమైనా అనొచ్చు అనుకుంటాడు.

తినాలా వద్దా అన్నదానికి పౌలు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాల్లో చాలా ఓపిగ్గా జవాబిచ్చాడు. విగ్రహం వట్టిది అన్నాడు, దాని ముందు పెట్టినందుకు అన్నంలోకి ఏదో దూరిపోతుందని పిల్లల్ని భయపెట్టొద్దు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి పెట్టింది తినమన్నాడు. అయితే 'ఇది దేవుడికి పెట్టింది' అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం, మనస్సాక్షి కోసం తినొద్దన్నాడు. మా ఇంట్లో మేం అదే పాటించాం. మన సంఘాల్లోనే దీని మీద రెండు మాటలున్నాయి, మీ పాస్టర్ గారు ఇంకోలా చెబితే దాని కోసం వాదన పెట్టుకోకండి. కానీ వద్దని చెప్పడానికి పిల్లాడికి మాటలు కావాలి, పదేళ్ళవాడికి అప్పటికప్పుడు తట్టవు. మేం క్లాసులో పిల్లల చేత అనిపించి అనిపించి అలవాటు చేసేవాళ్ళం. ఒకరు గిన్నె పట్టుకుని పక్కింటి పిన్ని, ఇంకొకరు పిల్లాడు. "పిన్నిగారూ, ప్రసాదం మేం తీసుకోమండి, ఏమీ అనుకోకండి. మీరు మామూలు రోజు పులిహోర చేస్తే మాత్రం నాకు పెట్టడం మర్చిపోకూడదు." అంతే. ఆ రెండో వాక్యం చెప్పేటప్పుడు పిల్లల మొహాలు వాటంతటవే నవ్వుతాయి, ఎదుటివాళ్ళ మొహం కూడా.

"ఉత్త బొమ్మ" అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. పది ఆజ్ఞల్లో విగ్రహాలొద్దన్న రెండోది ఎంత ముఖ్యమో తొమ్మిదోదీ అంతే ముఖ్యం, పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదు. పక్కింటివాళ్ళ నమ్మకం గురించి మనకు తెలియని మాట, వాళ్ళు ఒప్పుకోని మాట పిల్లాడికి నేర్పితే అది అబద్ధసాక్ష్యమే. విజయనగరంలో పెరిగే పిల్లవాడికి పైడితల్లమ్మ కథ తెలిసి ఉండటంలో పాపమేమీ లేదు. 1757లో బొబ్బిలి యుద్ధం, అందులో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోవడం చరిత్ర. ఆయన చెల్లెలే అమ్మవారని, విగ్రహం పెద్దచెరువులో దొరికిందని ఆ ఊరివాళ్ళు చెబుతారు. తొలేళ్ళ మర్నాడు, దసరా వెళ్ళిన మంగళవారం, సిరిమాను అనే ఆ పెద్ద మాను చివర పూజారి కూర్చోగా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు, పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం ముందు నడుస్తాయి. ఇదంతా బాబుకి ఉన్నదున్నట్టు చెప్పండి. 'వాళ్ళు దీన్ని ఇలా నమ్ముతారు, మనం మొక్కం, ఎందుకంటే' అని ఆ ఎందుకో కూడా చెప్పండి. సిరిమాను రోజు మీ ఊళ్ళో ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు, వీధిలో కాలు పెట్టే సందు ఉండదు, ఆ జనాన్ని మేడ మీద నుంచి చూస్తే పిల్లాడి విశ్వాసం కరిగిపోదు. వాడి మనసు అటు లాగుతోందని మీకు అనిపిస్తే మాత్రం ఆ రోజు అందరూ కలిసి ఊరికి వెళ్ళండి. అది మీరే తేల్చుకోవాలి.

"అన్యులు" అన్న మాట మీ ఇంట్లో వాడుతున్నారా? బైబిల్లో ఉన్న మాటే, ప్రసంగంలో వస్తుంది, కాదనను. కానీ డైనింగ్ టేబుల్ దగ్గర, ఫోన్‌లో, 'పక్కింటి అన్యులు' అని మనం అంటుంటే, పదకొండు రోజులు కారేజీ మోసిన మనిషి పిల్లాడి చెవిలో పిన్నిగా కాకుండా ఇంకేదోగా మారిపోతుంది. పేరు పెట్టి పిలవండి, వరస పెట్టి పిలవండి.

ఇప్పుడు ఆ "ఎందుకంటే" దగ్గరికి వద్దాం. నిర్గమకాండం 20 తీసి చూడండి, నేను తప్ప వేరొక దేవుడు నీకుండకూడదు అన్న మాటకు ముందు దేవుడు ఇంకో మాట అన్నాడు, దాసుల గృహమైన ఐగుప్తు దేశంలోనుంచి నిన్ను బయటికి రప్పించింది నేనే అని. ముందు విడిపించాడు, తర్వాత ఆజ్ఞ ఇచ్చాడు. మనం పిల్లలకు ఆజ్ఞ చెబుతున్నాం, విడిపించిన సంగతి చెప్పడం మర్చిపోతున్నాం. దాంతో వాళ్ళకు క్రైస్తవులంటే తినకూడదు, వెళ్ళకూడదు, మొక్కకూడదు అనే జాబితా మాత్రమే మిగులుతోంది. మీ ఇంట్లో ప్రభువును మొదట నమ్మినది ఎవరు, ఏ కష్టంలో నమ్మారు, ఏం పోగొట్టుకున్నారు, అది బాబుకి తెలుసా? మా మామగారి తాత పాలకొండ వైపు ఒక పల్లెలో సంబరాలకు డప్పు కొట్టే మనిషి. బాప్తిస్మం తీసుకున్నాక గుడి ముందు కొట్టనన్నాడు. ఆ ఏడు కళ్ళంలో ఆయన వంతు గింజలు కొలవలేదట, ఆయన భార్య తాటి తేగలు, చింతగింజలు ఉడకబెట్టి పిల్లలకు పెట్టిందట. అదే మనిషి ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పందిరి గుంజలు పాతడానికి గునపం పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళేవాడని, గింజలు కొలవని కామందు ఇంటికి కూడా వెళ్ళాడని మా మామగారు చెప్పేవారు. మా పిల్లలకు విగ్రహారాధన గురించి నేను చెప్పిన పాఠాలు ఎన్ని గుర్తున్నాయో తెలియదు, ఈ గునపం సంగతి మాత్రం గుర్తుంది, మనవలకు కూడా చెబుతున్నారు.

మన ప్రాంతంలోనే ఇంకొకరున్నారు, పురుషోత్తమ చౌదరిగారు. పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు, మనం ఇప్పటికీ పాడే కీర్తనలు ఎన్నో ఆయన రాసినవే. విగ్రహారాధన వదిలేశారు గానీ తెలుగును వదల్లేదు, రాగాన్నీ తాళాన్నీ వదల్లేదు, వాటితోనే ప్రభువును పాడారు. ముగ్గు వెయ్యొచ్చా, సంక్రాంతికి కొత్తబట్టలు కట్టొచ్చా, అరిసెలు తినొచ్చా అని పిల్లలు అడుగుతుంటారు కదా, ఏది ఆరాధన, ఏది ఊరి అలవాటు అని విడదీసి చూడటానికి ఆయన జీవితం చెప్పండి.

ఇక మీరు ఉత్తరంలో చివర్లో, పైపైన రాసేసిన విషయం. నా మనసంతా అక్కడే ఆగిపోయింది. ఆదివారం కోచింగ్.

సండే స్కూల్‌కి వెళ్ళక వాక్యం తెలియలేదేమో అని రాశారు. వాడికి వాక్యం తెలుసమ్మా. విగ్రహాలకు పెట్టింది తినకూడదని అంత గట్టిగా చెప్పినవాడికి తెలియదని ఎలా అంటాం? జూన్ నుంచి వాడు నేర్చుకున్నది వేరే ఉంది. అమ్మానాన్నలకు నిజంగా ముఖ్యమైన పని పడితే దేవుడి టైమ్ మార్చుకోవచ్చు, కోచింగ్ టైమ్ మార్చడానికి లేదు. దీన్ని ఎవరూ నోటితో చెప్పలేదు, బండి ఆదివారం పొద్దున ఎటు తిరిగిందో వాడు వెనక కూర్చుని చూశాడు.

ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. మేం ఇదే చేశాం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు చదువు పాడవకూడదని ఇంట్లో టీవీ ఆపేశాం, చుట్టాల్ని రావద్దన్నాం, రాత్రి కుటుంబ ప్రార్థన కూడా ఆపేశాం. ఎవరూ చెప్పలేదు, నేనే ఆపాను, పరీక్షలయ్యేదాకానే కదా అనుకున్నాను. ఆఖరి పరీక్ష రాసొచ్చిన రోజు రాత్రి చాప పరిచి పాటల పుస్తకం తీశాను. వాడు చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి "దేవుడు మళ్ళీ మొదలయ్యాడా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, టీవీ మళ్ళీ మొదలైందా అని అడిగినట్టే మామూలుగా అడిగాడు. నాకు ఆ రాత్రి పాట దొరకలేదు, పేజీలు తిప్పుతూనే ఉన్నాను. అప్పటికి నేను సండే స్కూల్ టీచర్ని, ఆ వారమే పిల్లలకు, ఇశ్రాయేలీయులు చేసుకుని మొక్కిన బంగారు దూడ పాఠం చెప్పాను.

ధనాపేక్ష విగ్రహారాధన అని కొలొస్సయులకు 3వ అధ్యాయంలో పౌలు రాశాడు. హృదయాల్లోనే విగ్రహాలు నిలుపుకున్నారని యెహెజ్కేలు 14లో దేవుడు పెద్దల గురించి అన్నాడు, పిల్లల గురించి కాదు. ఒకసారి క్లాసులో అడిగాను, మీ ఇంట్లో ఏది పోతే లేక ఏది పాడైతే అందరూ ఎక్కువ బాధపడతారు అని. చేతులు టపటపా లేచాయి. ఫోను, ర్యాంకు, కొత్త మేడ, అమ్మ గాజులు. రెండో వరసలో ఒక చిన్నపాప, ఏడేళ్ళుంటాయేమో, "మా నాన్న బండికి గీత పడితే అన్నం తినరు, ప్రార్థనకి రమ్మంటే తర్వాత అంటారు" అంది. ఆ నాన్న మంచివాడు, నాకు తెలుసు, చర్చికి వస్తాడు, దశమభాగం ఇస్తాడు. పిల్లలకు బంగారు దూడ బొమ్మ చూపించి ఇది విగ్రహం అని చెప్పడం తేలిక, వాళ్ళు దానికెలాగూ మొక్కరు. మనింట్లో ఉన్నదాన్ని మనమే వేలు పెట్టి చూపించి, 'ఇది మాకు దేవుడికంటే ముందుకొచ్చేసింది, మేం సరిచేసుకుంటున్నాం' అని చెప్పడమే కష్టం. పదేళ్ళ పిల్లాడికి అది ఒక్కసారి చూపిస్తే చాలు, మొదటి ఆజ్ఞ అర్థమైపోతుంది.

నేనైతే ఆ ఆదివారం కోచింగ్ మాన్పిస్తాను. ముందు వాళ్ళను అడగండి, ఆదివారం టెస్ట్ శనివారం సాయంత్రం రాయిస్తారేమో, ఇంకో బ్యాచ్ ఉందేమో. చాలామంది అడగరు, అడక్కుండానే ఒప్పేసుకుంటారు. మీ సంఘంలో తెల్లవారుజామున మొదటి ఆరాధన ఉంటే ముగ్గురూ దానికి వెళ్ళండి. రెండూ కుదరకపోతే ఆదివారం క్లాసు వదిలెయ్యండి, ఆ పాఠం ఇంకో రోజు సాయంత్రం ఇంట్లో మీవారు చెప్పొచ్చు. 1962 నుంచి మీ కోరుకొండలో ఉన్న ఆ సైనిక్ స్కూల్లో సీటు రావాలని మన ఉత్తరాంధ్రలో ఎంతమంది తల్లిదండ్రులు కోరుకుంటారో నాకు తెలుసు, అది చెడ్డ కోరిక కాదు, బాగా చదివించండి. ఆస్పత్రిలో డ్యూటీ పడిన నర్సు, ఆర్టీసీ డ్రైవర్ ఆదివారం చర్చికి రాలేకపోతే అదీ దీనికిందికి రాదు, ఇంకొకరి ప్రాణం కోసం, ప్రయాణం కోసం చేసే పని అది. ఎప్పుడైనా ఒక వారం తప్పితే దానికీ కంగారు లేదు. జూన్ నుంచి ఇప్పటిదాకా ప్రతి ఆదివారం అంటేనే ఆలోచించాలి.

మాన్పించేటప్పుడు ఒక్క మాట మాత్రం వాడితో అనకండి, 'దేవుణ్ణి మొదట పెట్టావు కాబట్టి సీటు తప్పకుండా వస్తుంది' అని. రాజ్యాన్ని, నీతిని మొదట వెదకండి అని మత్తయి 6లో ఉన్నది బేరం కాదు. సీటు రాకపోతే వాడు దేవుడు మాట తప్పాడనుకుంటాడు. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబడ్డ దానియేలు స్నేహితులు ముగ్గురూ ఏమన్నారు? మా దేవుడు రక్షించగలడు అన్నారు, ఒకవేళ రక్షింపకపోయినను నీ ప్రతిమకు నమస్కరించం అన్నారు. ఆ "రక్షింపకపోయినను" అన్న మాట వాడికి ఇప్పుడే నేర్పండి, మీరూ నేర్చుకోండి. సీటు రాని రోజున మీ మొహం ఎలా ఉంటుందో వాడు చూస్తాడు.

ఇంకో సంగతి, మనవాళ్ళకు కాస్త చేదుగా ఉంటుంది. పరీక్షకు వెళ్తూ ప్రార్థన నూనె నుదుటికి రాసుకుంటే మార్కులొస్తాయని, తలగడ కింద బైబిల్ పెడితే పీడకలలు రావని, బండికి వాక్యం స్టిక్కర్ ఉంటే యాక్సిడెంట్ అవ్వదని పిల్లలు నమ్ముతున్నారు. ఎవరు నేర్పారు? మనమే. పక్కింటి తాయెత్తును తప్పు పడతాం, మన నూనె సీసాను మాత్రం దాచుకుంటాం. మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చెయ్యమంటేనే చేసింది, పాము కరిచినవాళ్ళు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు పగలగొట్టాడు, 2 రాజులు 18లో ఉంది. దేవుడు ఇచ్చిన వస్తువైనా దేవుడి చోటులో కూర్చుంటే అంతే. ఆ అధ్యాయం బాబుతో చదివి, మనింట్లో ఇలాంటిదేమైనా ఉందా అని వాణ్ణే వెతకమనండి. పిల్లలు వెతుకుతారు, మనం దాచినవి కూడా బయటికి తీస్తారు, సిద్ధంగా ఉండండి.

స్కూలు విషయం. సరస్వతీ పూజకు ముందే మీరో మీవారో వెళ్ళి టీచర్‌తో మాట్లాడండి, ఆ పని పిల్లాడి మీద పెట్టకండి. మా బాబు పూజలో పాల్గొనడు, మిగతా పిల్లలతో నిశ్శబ్దంగా నిలబడతాడు, అల్లరి చెయ్యడు అని చెప్పండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూల్లోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతారాధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణలో ఉంది, కానీ ఆ మాటతో మొదలుపెట్టకండి, చాలామంది టీచర్లు మామూలుగా చెబితేనే అర్థం చేసుకుంటారు. కేరళలో జాతీయగీతం పాడని ముగ్గురు పిల్లల కేసు 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, వాళ్ళు యెహోవా సాక్షుల కుటుంబం, వాళ్ళ బోధకూ మన బోధకూ తేడా ఉంది. అయినా కోర్టు గమనించిన సంగతి మన పిల్లలకు పనికొస్తుంది. వాళ్ళు పాడలేదు గానీ అందరితోపాటు లేచి గౌరవంగా నిలబడ్డారు.

మీ అమ్మగారి దగ్గర ఇది ఇంకొంచెం సున్నితం. అక్కడ దీపం ముందు నిలబెట్టి వాడి చేత 'నేను పెట్టను' అనిపించడం కంటే, మీరే ముందు రోజు మీ అమ్మతో, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "అమ్మా, వాడు నీకు దండం పెడతాడు, దీపానికి పెట్టడు, నలుగురిలో అడక్కు, వాడు ఇరుకున పడతాడు." మనవణ్ణి ఇరుకున పెట్టాలని ఏ అమ్మమ్మా అనుకోదు. విగ్రహాలొద్దన్న ఆ 20వ అధ్యాయంలోనే తల్లిదండ్రుల్ని సన్మానించమని ఉంది, రెండూ ఒకే పర్వతం మీద ఇచ్చినవి. ఆవిడ దీపం పెట్టుకునే టైమ్‌లో వాణ్ణి బావిలో నీళ్ళు తోడిపెట్టడానికో, తాతగారి మందులు తేవడానికో పంపితే ఇంకా మంచిది. కొత్తగా దేవుణ్ణి నమ్మిన సిరియా సేనాధిపతి నయమాను తన దేశానికి తిరిగి వెళ్తూ, రాజుగారు నా చేతిమీద ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కినప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఎలా అని అడిగితే ప్రవక్త ఎలీషా ఏమన్నాడు? పాఠం చెప్పలేదు, సమాధానంగా వెళ్ళు అన్నాడు. దాన్ని పట్టుకుని అన్నిటికీ వంగొచ్చని నేననను. కొత్తగా నమ్మినవాడు ఇంటికీ విశ్వాసానికీ మధ్య నలిగిపోతుంటే దేవుడు ఎంత మెత్తగా మాట్లాడించాడో మీరు చూడాలని చెప్పాను, ఎందుకంటే పుట్టింటి గుమ్మంలో ఆ నలుగుడు మీకు కూడా ఉంది, ఉత్తరంలో కనబడుతోంది.

ఇక గిన్నె. రెండు వారాలు దాటిపోయి ఉంటుంది, ఇంక ఆలస్యం చెయ్యకండి. మీరొక్కరే వెళ్ళి క్షమాపణ చెప్పి రాకండి, బాబే గిన్నె పట్టుకుని వెళ్ళాలి, మీరు వెనక ఉండాలి. ఏమనాలో ఇంట్లోనే ఒకటికి రెండుసార్లు అనిపించండి. "పిన్నిగారూ, ఆ రోజు నేను అన్న మాట తప్పు. క్షమించండి." అక్కడితో ఆపాలి, 'కానీ మా దేవుడు' అని మొదలుపెట్టకూడదు, ఆ రోజుకి అదొక్కటే సువార్త. మీవారు కూడా వస్తే ఎంతో మంచిది, రానంటే గొడవపడకండి, దానియేలు 1వ అధ్యాయం ఆయన చేతే పైకి చదివించండి చాలు. గిన్నె ఖాళీగా ఇవ్వకండి, మనవైపు ఎవరూ ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు కదా. ఏదైనా మీ చేత్తో వండింది పెట్టండి. జంతికలైతే నాలుగు రోజులు నిలవ ఉంటాయి, బాబు చేత కూడా రెండు చుట్లు తిప్పించండి.